పొరక కట్టిన చేయి

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కా,

నీ చెల్లెలు నర్సమ్మ ఇంత దూరం నుంచే నీ కాళ్ళకు మొక్కి ఈ ఉత్తరం మొదలుపెడుతోంది. నువ్వూ బావా బాగున్నారా? నీ మోకాళ్ళ నొప్పి ఎట్లుంది? బీడీలు మానేశానని బావ చెబితే నమ్మొద్దు, జేబులు చూడు. ఈరమ్మకు జ్వరం పూర్తిగా పోయిందా? అన్నం తింటోందా? నేను బాగానే ఉన్నాను, నా గురించి దిగులు పెట్టుకోవద్దు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. నీ ఫోన్ స్పీకర్‌లో తప్ప పలకదు. నేనొక మాట అంటే బావా, పక్కింటి వాళ్ళూ, అరుగు మీద కూర్చున్న వాళ్ళూ అందరూ వింటారు. ఈ మాటలు నువ్వొక్కదానివే చదవాలి. నేను చదివిన ఏడో తరగతి ఇప్పటికి పనికొచ్చింది. తప్పులుంటే నవ్వుకో, ఎవరికీ చూపించకు.

ఇక్కడ సంగతులు చెబుతాను. సుగ్గికని వలస కూలికి నాతోపాటు వచ్చిన మన కోసిగి వాళ్ళు ఇటుకల పని అయిపోగానే ఊరికి వచ్చేశారు కదా. మేస్త్రి నన్ను సినిమా సెట్టింగుల పనికి పంపాడు. నెలనెలా పని ఉంటుందని నేను ఉండిపోయాను. మన ఊళ్ళో పొరకలు కట్టి బతుకుదామంటే ప్లాస్టిక్ చీపుర్లు వచ్చాక వాటిని కొనేవాళ్ళెవరు? రేకుల షెడ్డులో ఎనిమిది మంది ఆడవాళ్ళం ఉంటాం. ఐదుగురిది ఒడిశా, వాళ్ళ మాట నాకు రాదు, నా మాట వాళ్ళకు రాదు. ఒకరినొకరు చూసి నవ్వుకుంటాం, అంతే. పనిలో తెలుగు వాళ్ళే గానీ 'అది ఎత్తు, ఇది దించు' తప్ప వాళ్ళు నాతో మాట్లాడేదేముంది? అన్నం కడుపునిండా పెడతారు. జొన్నరొట్టె లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త జొన్నపిండీ, నువ్వు దంచిన చెనిక్కాయల కారమూ పంపు. పని లేని రోజు షెడ్డులో కూర్చుంటే దిక్కు తోచదు అక్కా. అబద్ధం చెప్పను, ఏడుపు వస్తుంది. మళ్ళీ సర్దుకుంటాను.

అసలు చెప్పాల్సింది వేరే. మేము సెట్టింగు వేసింది ఒక పిల్లల సినిమాకు. చిన్న మంత్రగత్తె కథ. పుర్రెలూ నిమ్మకాయలూ అనుకుని భయపడకు. తొమ్మిదేళ్ళ పిల్ల, మన ఈరమ్మ ఈడుది. ఒక పుస్తకంలోని కథనే సినిమాగా తీశారు. డైరెక్టరు మేడం ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకునే తిరుగుతుంది. మధ్యాహ్నాలు అడిగి తీసుకుని నేనూ చదివాను.

కథ ఏమిటంటే, వాన పడని ఒక ఊరుంటుంది. ఆ ఊరి మంత్రగత్తె మబ్బులు తోలుకొస్తానని పొరక ఎక్కి ఆకాశంలోకి పోతుంది, తిరిగి రాదు. కూతురు ఇంకో పొరక ఎక్కి తల్లిని వెతుక్కుంటూ పోతుంది. మబ్బుల దేశంలో ఉన్నవాళ్ళు ఇంటిని మరిచిపోతారట. తల్లి బిడ్డను చూసి 'ఎవరు నువ్వు' అంటుంది. పుస్తకంలో అయితే బిడ్డ ఏడుపు విని ఆమెకు అన్నీ గుర్తొస్తాయి.

నాకు ఒళ్ళు మండింది. పుస్తకం తీసుకుపోయి మేడం చేతిలో పెట్టి, "ఎవురు రాసినారు మేడం ఇది? కన్న బిడ్డను తల్లి యాడన్నా మరిసిపోతాదా?" అని అడిగేశాను.

ఆమె కోపం చేసుకోలేదు. నవ్వి, "సరే నర్సమ్మా, తల్లి మరిచిపోదు. మరి పిల్లలు?" అంది.

పోయిన శ్రావణంలో ఊరికి వచ్చినప్పుడు కన్నతల్లినైన నన్ను చూసి ఈరమ్మ నీ చీర కుచ్చిళ్ళ వెనక దాక్కుంది, నీకు గుర్తుందా? సిగ్గులే అన్నావు నువ్వు. నేనూ సిగ్గే అనుకున్నాను. మేడం అడిగినప్పుడు అదే కళ్ళ ముందుకు వచ్చింది. జిగురు కలపాలని చెప్పి అక్కడి నుంచి వచ్చేశాను.

ఇక పొరక సంగతి. సెట్టింగు వాళ్ళు పొడుగాటి కట్టెకు ఎండుగడ్డి చుట్టి పొరక చేశారు. చూడటానికి బాగుంది. పిల్లను దాని మీద కూర్చోబెట్టి తీగలతో పైకి లాగేసరికి గడ్డి అంతా జారి, అందరి నెత్తిన పడింది. పని ఆగిపోయింది. నా నోరు నీకు తెలుసు కదా, ఊరుకోలేదు. "ఈత ఆకు తెప్పించండి, నేను కడతా" అన్నాను. అందరూ నన్ను చూశారు. ఇన్ని నెలల్లో వాళ్ళు నా ముఖం చూసింది అప్పుడే.

మరుసటి రోజు ఆకు వచ్చింది. చీల్చి, తడిపి, తాడు ఒక కొస కాలి బొటనవేలికి చుట్టి, రెండో కొస పళ్ళతో బిగబట్టి, అమ్మ నేర్పినట్టు మూడు చుట్లు చుట్టాను. నువ్వు ముడిని బయటికి వదులుతావు, నేను లోపలికి తోస్తాను, చిన్నప్పుడు దీని మీదే కదా మనకు తగువు. తల ఎత్తి చూస్తే మేడం గొంతుక్కూర్చుని చూస్తోంది.

పిల్ల దాని మీద ఎక్కబోతుంటే నాకు పాణం ఒప్పలేదు. "పొరకంటే లచ్మి తల్లీ, కాలు తగల్తాది. కండ్లకద్దుకొని ఎక్కు" అన్నాను. పాపం ఆ పిల్ల ఎక్కిన ప్రతిసారీ కళ్ళకద్దుకుంది. మేడం దాన్ని కూడా సినిమాలో ఉంచేసింది. చివర్లో వాన కురిపించడానికి మూడు ట్యాంకర్ల నీళ్ళు నేలపాలు చేశారు. మన వీధికి ఒక ట్యాంకర్ వస్తే బిందెలతో కొట్టుకు చస్తాం. నేను ఒక పక్కన నిలబడి తడుస్తూ మిమ్మల్నే తలుచుకున్నాను.

వాన కన్నా ముందు ఇంకొకటి జరిగింది. మేడం నన్ను పిలిచి, పుస్తకంలో లేనిది ఒకటి పెడుతున్నానని చెప్పింది. తల్లి పోయే ముందు బిడ్డకు పొరక కట్టి ఇస్తుందట. చివర్లో తల్లి తన చేతి ముడిని చూసి బిడ్డను గుర్తుపడుతుందట. తల్లి వేషం వేసే ఆమెకు పొడుగాటి గోళ్ళు, ఆమెకు ముడి ఎట్లా వస్తుంది? అందుకని చేతుల వరకు నావే తీస్తారట.

మేకప్ అమ్మాయి వచ్చి నా ఎడమ మణికట్టు మీది మచ్చకు రంగు పూసింది. రొట్టెల పెనం కాల్చిన మచ్చ, నీ ఎదురుగానే కదా కాలింది. ఈరమ్మ చంటిదిగా ఉన్నప్పుడు ఆ మచ్చ మీద వేలు పెట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదు. నాకు పని ఉన్నా చేయి కదలనిచ్చేది కాదు. రంగు పూశాక చూసుకుంటే అది నా చేయిలాగే లేదు. వాళ్ళు లైట్లు సర్దుకుంటుంటే తడి కొంగుతో తుడిచేశాను. "అయ్యో, మచ్చ కనపడుతోంది" అని ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. మేడం నన్నొకసారి చూసి "ఉండనీ" అంది.

ఆ సినిమా ఇప్పుడు ఆడుతోంది. ఈ రోజు పొద్దుటి ఆటకు ఒక్కదాన్నే పోయాను. చుట్టూ అందరూ పిల్లలతో వచ్చినవాళ్ళే. నా చేయి మన ఇంటి గోడంత అయింది అక్కా. మచ్చ రొట్టెంత కనపడింది. చీకట్లో నా మణికట్టు నేనే పట్టుకుని కూర్చున్నాను. పక్క సీటులోని చిన్న పిల్ల "ఆ చెయ్యికేమైందమ్మా?" అని అడిగింది. వాళ్ళమ్మ "కాలింది, మాట్లాడకుండా చూడు" అంది. అది నా చేయేనని చెప్పాలని గొంతు దాకా వచ్చింది. నమ్ముతారో లేదోనని ఊరుకున్నాను. చివర్లో అందరి పేర్లూ వేశారు, చేతులకు పేరు వేయరట. బయటికి వచ్చి నేరుగా కాగితం కొనుక్కున్నాను.

ఎందుకంటే పోయిన ఆదివారం నేను ఫోన్ చేసినప్పుడు వెనక నుంచి ఈరమ్మ మాట వినబడింది. "ఎవురమ్మా ఫోన్లో?" అని నిన్ను అడిగింది. నువ్వు, "మీ హైదరాబాద్ అమ్మ, మాట్లాడుదువు రా" అన్నావు. "నాకు ఆట ఉండాది" అని వెళ్ళిపోయింది. నిన్ను అమ్మా అన్నందుకు నాకు బాధ లేదు. ఉరుకుంద ఈరన్న సామి సాక్షి, లేదు. దానికి అన్నం పెట్టేది నువ్వు, జ్వరమొస్తే నీళ్ళగుడ్డ వేసేది నువ్వు. హైదరాబాద్ అమ్మ అన్న మాట మాత్రం వారం రోజులుగా నా చెవిలోనే ఉంది.

అందుకని ఒక్కటి అడుగుతాను, కాదనకు. ఆదోనిలో ఆ సినిమా వచ్చిందట. వచ్చే ఆదివారం పాసింజరు ఎక్కి ఈరమ్మను తీసుకుపో. ఫోన్‌లో తర్వాత వస్తుందిలే అని బావ అంటాడు, వినొద్దు. ఫోన్‌లో ఆ మచ్చ ఆవగింజంత కూడా కనపడదు. పొరక కట్టేటప్పుడు నువ్వు తెర వైపు చూడకు, దాని ముఖం చూడు. అది నా చేయి అని ముందూ చెప్పొద్దు, వెనకా చెప్పొద్దు. నీ నోట్లో మాట ఆగదని నాకు తెలుసు, ఆ కాసేపు చెనిక్కాయలు నములుతూ కూర్చో.

దాని మాటల్లో గానీ ముఖంలో గానీ గుర్తుపట్టినట్టు ఏమైనా కనపడితే చెప్పు. అప్పుడు నేను ఇంకో నాలుగు నెలలు ఇక్కడ ఉండగలను. కొత్త సినిమా పని ఉందని మేస్త్రి అడుగుతున్నాడు, ఉగాదికి వస్తాను.

గుర్తుపట్టకపోతే అదీ ఉన్నదున్నట్టు చెప్పు. ఆ రోజే బండెక్కుతాను. మన ఊళ్ళో పొరకలు ఎవరూ కొనకపోయినా సరే, కూలి దొరక్కపోయినా సరే. దానికి తొమ్మిదేళ్ళే కదా, ఇంకా మించిపోలేదు. చెల్లెలు బాధపడుతుందని నువ్వు నా కోసం అబద్ధం చెప్పావంటే, ఆ మాట నమ్మి నేను ఇక్కడే ఉండిపోతాను. అందుకే చెబుతున్నాను, ఈ ఒక్కసారికి నా మీద జాలి పడకు అక్కా.

బావకు నమస్కారం చెప్పు. మీ ఇద్దరి దీవెన నాకు కావాలి. ఈరమ్మకు నూనె రాసి దువ్వేటప్పుడు, నా పేరు చెప్పకుండానే ఒకసారి దాని తల నిమురు.

ఇట్లు,
నీ చెల్లెలు
నర్సమ్మ