కుంబా తిట్లు

చెల్లీ యాపెరే,

సెగూ పట్నం వచ్చాక ఇక్కడి బంబారా భాష ఎలా నేర్చుకోవాలని అడిగావు. నేనూ పుస్తకం కొన్నాను. ఊరు తగలబడి వచ్చినదాన్ని, రెండు పేజీలకే కళ్లు మూతలు పడేవి.

సంతలో చేపలమ్మే కుంబాయే నేర్పింది. బోజో జాలరి జాతి మనిషి కదా, ఉల్లి పండించే మన దోగోన్ వాళ్లు కనబడితే ఊరుకుంటుందా? "ఏమే ఉల్లిపాయల మొహందానా, ఇంకా చావలేదా?" అనేది. వాళ్లకీ మనకీ తాతలనాటి పరాచికాల వరస, బదులివ్వకపోతే మనకే తలవంపులు. అందుకని ఓపిక లేకపోయినా రోజూ బంబారాలో ఒక తిట్టు నేర్చుకున్నాను.

మొన్న ఆమె కొడుకు ఏట్లో మునిగి పోయాడు. అందరూ ఓదార్చారు. కుంబా పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. నాకు ఆ భాషలో ఓదార్పు మాటలు రావు. వచ్చిందే అన్నాను: "లేవే చేపల కంపుదానా! నువ్వూ పోతే నన్నెవరు తిడతారే?" కళ్లు తుడుచుకుని గంజి గిన్నె అందుకుంది.

పుస్తకం కొనకు. నువ్వొస్తున్నావని కుంబాకి చెప్పాను. నీకోసం అప్పుడే తిట్లు కూడబెడుతోంది.

నీ అక్క