తాడు పట్టిన చేతులకు దండం నుంచి మినహాయింపు కోరుతూ

మండల భద్రతా తనిఖీ అధికారి గారి సముఖమునకు,
మామిడిపల్లి వాస్తవ్యుడు, కిరాణా దుకాణదారు మల్లేశ్వర్ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమరికి దండం పెట్టిన కారణంగా మూతపడిన క్లైంబింగ్ సెంటరును తిరిగి తెరిపించుట గురించి.

1. మనవి చేయునది ఏమనగా, కొత్తూరు పోయే దారిలో పాత గోడౌనులో నడిచే సదరు సెంటరులో నేనూ నా భార్య రేణుకమ్మా ప్రతి మంగళవారం, అనగా దుకాణం బంద్ రోజున, గోడ ఎక్కుచుంటిమి. ఈ వయసులో ఇదేం పని అని తమరు అడుగవచ్చును. మా చుట్టాలందరూ అడిగియున్నారు. గోడకు రంగురంగుల గుబ్బలు బిగించి ఉండును. ఒకరు వాటిని పట్టుకొని ఎక్కగా, రెండవవారు కింద నిలబడి తాడు పట్టుకొనవలెను. నడుము పట్టీ సరిగ్గా ఉన్నదా, ముడి బిగిసినదా అని ఒకరిది ఒకరు చూసిన పిదపనే కాలు లేపవలెను. అట్లు చూసిన పిదప రేణుకమ్మ నా ముఖంలోకి చూసి "తయారేనా?" అని అడుగును. దుకాణంలో ఇన్నేళ్లు పక్కపక్కన కూర్చున్నా, పప్పెంత ఉప్పెంత తప్ప మా మధ్య వేరే మాట లేకుండె. అయ్యా, నాకు ఈ సెంటరు కావాలి.

2. సెంటరు నియమావళిలో మొదటి నియమం: తాడు పట్టినవారు తాడు వదలరాదు. ఫోను మోగినా వదలరాదు. తుమ్ము వచ్చినా వదలరాదు. విమానం గోడౌను రేకులు అదిరేటట్టు పోయినా వదలరాదు. ఇన్ని రాసిన కోచ్ సుమలత మేడం, ఆఫీసరు వస్తే ఏం చేయవలెనో మాత్రం రాయలేదు.

3. గత మంగళవారం తమరు చెప్పాపెట్టకుండా తనిఖీకి దయచేసినారు. ఆ సమయమున నేను గోడ చివరన ఉంటిని. తమరిని చూడగానే రేణుకమ్మ, పెద్దలు నేర్పిన ప్రకారం, రెండు చేతులు జోడించి "నమస్తే సార్" అనెను. తాడు విడువబడెను. అయిననూ నాకేమీ కాకపోయి ఉండును, ఏలయనగా నేను గుబ్బలు గట్టిగా పట్టుకొని ఉంటిని. కానీ అయ్యా, పైనుంచి నాకు కూడా తమరు కనబడినారు. నేను కూడా రెండు చేతులు జోడించితిని.

తరువాత జరిగింది తమరికి తెలిసినదే. అయినా రికార్డు నిమిత్తం రాయుచున్నాను.

4. రేణుకమ్మ నడుము పట్టీకి తగిలించిన తాడు పరికరం దానంతటదే బిగుసుకొని నన్ను తమరి తలకు మూరెడు ఎత్తున ఆపెను. నా బరువుకు అవతల రేణుకమ్మ నేల విడిచి పైకి లేచెను. మధ్యలో ఇద్దరమూ ఎదురుపడితిమి. ఆమె కళ్లు మూసుకొని ఇంకా దండం పెట్టే ఉన్నది. ఇంతవరకు అందరూ క్షేమము. చేతులు జారకుండా రాసుకొనుటకు నా నడుముకు కట్టుకున్న సుద్దపొడి సంచి మాత్రం ఆగలేదు. అది తమరి శిరస్సుపై బోర్లపడుట, తమరు ఆగకుండా తుమ్ముట, నేను గాలిలో గిరగిరా తిరుగుతూ ఒకసారి తమరికి, ఒకసారి గోడకు "మాఫ్ చేయుండ్రి సార్" అని చెప్పుకొనుట ఉద్దేశపూర్వకములు కావు. నాకు నవ్వు వచ్చినమాట వాస్తవం. ఎంత ఆపినా ఆగలేదు.

5. తమరి మూసివేత ఉత్తర్వులో రెండు కారణాలు చూపినారు. ఒకటి, తాడు పట్టినవారు తాడు వదిలినారు. రెండు, కోచ్ సుమలత అధికారికి నమస్కరించకపోగా కేకలు వేసినది. ఆమె వేసిన కేక "తాడు! తాడు!" అని. అప్పుడు ఆమె చేతిలో ఇంకొకరి తాడు, ఆ తాడుకు పైన ఇంకొక మనిషి ఉన్నాడు. అయ్యా, ఈ రెండు కారణాలను పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూడ ప్రార్థన. దండం పెట్టినందుకు మాది తప్పు, పెట్టనందుకు ఆమెది తప్పు. ఇగ మా చేతులు ఎక్కడ పెట్టుకోవాలె సార్?

6. అసలు గోస ఇది. ఆనాటి నుంచి రేణుకమ్మ తాడు ముట్టనంటున్నది. "నా చేతుల మీద నాకే నమ్మకం లేదు. నిన్ను సంపుకుంటనా ఏంది?" అన్నది. "నేను గూడ చేతులు ఇడిసిన గదనే, సగం తప్పు నాది" అంటిని. "నీ సగం నువ్వు మోసుకో, నా సగం నాకుండనీ" అన్నది. దుకాణంలో మళ్లీ పప్పెంత, ఉప్పెంత. నాకు గోడ మీది నుంచి పడినప్పుడు తగలని దెబ్బ ఇక్కడ తగిలినది. తలుపు దగ్గర ఒక్క దగ్గు దగ్గి లోపలికి వచ్చి ఉంటే బాగుండేది గనుక, ఈ తప్పులో తమరికి కూడా చిన్న వాటా కలదని భయభక్తులతో విన్నవించుచున్నాను.

కావున సెంటరును తెరిపించి, "ఇచ్చట తాడు పట్టినవారు ఎవరికీ నమస్కరించరు" అని తమరి సంతకంతో బోర్డు పెట్టించి, ఒక మంగళవారం మళ్లీ తనిఖీకి రావలెను. వచ్చి రేణుకమ్మ ఎదుట నిలబడవలెను. గొంతు సవరించుకొనవలెను. వీలైతే గుర్తింపు కార్డు కూడా చూపవలెను. అప్పటికీ ఆమె తాడు వదలకపోతే ఆమె చేతుల మీద ఆమెకు నమ్మకం తిరిగి వచ్చును. తమరికి దక్కని ఆ ఒక్క దండం మా సంసారానికి దక్కును.

ఇంతకు మించిన మొర నాకు లేదు. చిత్తగించి, ముందుగా ఒక దగ్గు దగ్గి, దయచేయవలెను.

తమ విధేయుడు
(రెండు కాళ్లూ నేల మీద ఉన్నంతవరకు)
మల్లేశ్వర్

తా.క.: సార్, నేను రేణుకమ్మను. ఈయన అర్జీ చదివి ఇనిపిచ్చిండు. గా సుద్దపొడి కాడికి వచ్చేసరికి నవ్వలేక సచ్చిన. ఇద్దరం కలిసి నవ్వి శానా దినాలైంది. మల్లా రాండ్రి సార్. గీసారి నేను దండం పెట్ట, ఏమనుకోకుండ్రి. ఈయన మాత్రం మీరు కనవడంగనే పైనుంచి పెడ్తడు, ఆయన సంగతి నాకెరుకే. పెట్టనియ్యుండ్రి. తాడు నా చేతిల ఉంటది.