పిన్నీసును పసిగట్టిన తీగ

అక్కా,

నేను కులాసా. ఉద్యోగం ఊడలేదు, ముందు ఆ బెంగ మానెయ్.

వెంట్రుక కన్నా సన్నటి అయస్కాంత తీగని లాగిపట్టి, కరెంటుతో వేడిచేసి పదును పెడితే ఎంత చిన్న అయస్కాంత బలాన్నయినా పసిగడుతుందని పోట్లాడి మరీ నేను చేసిన పరికరానికి నిన్న ఆఖరి పరీక్ష. దగ్గర ఏమీ పెట్టకుండానే దాని కొలత ముల్లు పూనకం వచ్చినట్టు ఊగింది.

"పని మానేసి యూనియన్ కరపత్రాలు చదివితే ఇంతేరా! తీగ చెత్తబుట్టలోకి, నువ్వు ఇంటికి!" అన్నాడు మా ప్రయోగశాల పెద్దసారు. నేను కస్సుమని లేచిపోయాను. గుమ్మం దాటానో లేదో, ముల్లు నిలబడిపోయింది! ఆయన కేకేస్తే వెనక్కొచ్చాను, మళ్లీ ఊగింది.

"చొక్కాకి ఏం తగిలించావురా?" అన్నాడాయన. గుండీ ఊడినచోట నువ్వు పెట్టిన పిన్నీసు! వేడిచెయ్యని పాత తీగకైతే వేలెడు దూరంలో ఉంటేగాని తెలిసేది కాదు. ఇది మూరెడు దూరం నుంచి పట్టేసింది!

కార్మికుడి ఛాతీలో ఎంత ఇనపధూళి చేరిందో కోయకుండా చెప్పే రోజు తెస్తాను, చూస్తుండు. నాన్న పనిలో ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నాడా? లేకపోతే నా బదులు నువ్వు దెబ్బలాడు.

నాలుగు ప్లాస్టిక్ గుండీలు పంపు. చంటిదానికి ముద్దులు. పిన్నీసు మాత్రం తిరిగిరాదు, పెద్దసారు దాన్ని పరీక్ష సరుకని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

నీ కోపిష్టి తమ్ముడు