అష్టగ్రహ కూటమి నాటి కాన్పు

తాండూరు,
20-1-1962.

చి. చెల్లెలు అరుణాదేవికి,

తాండూరు నుంచి అన్నయ్య పాండురంగం ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. వికారాబాదులో నువ్వూ, మీ వదినా, ఇంకా ఈ లోకానికి రాని ఆ మూడో మనిషీ బాగుండాలని కోరుకుంటున్నాను. నాది ఉర్దూ మీడియం చదువు. తెలుగులో తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపకు. పోయినసారి పంపావు.

దేవమ్మను కాన్పుకు నీ దగ్గర దించి వచ్చి పదిహేను రోజులైంది. ఫిబ్రవరి మొదటి వారమని డాక్టరమ్మ అన్నదని రాశావు. ఆ మాట చదివినప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ అన్నం సహించటం లేదు. మూడో తేదీ సాయంత్రం నుంచి ఐదో తేదీ సాయంత్రం దాకా ఎనిమిది గ్రహాలు మకరరాశిలో ఒక్కచోట చేరతాయట. లోకమే మునుగుతుందని కొందరంటున్నారు. లోకం మునగకపోయినా ఆ మూడు రోజుల్లో పుట్టిన బిడ్డ ముఖం తండ్రి నేరుగా చూస్తే బిడ్డ నిలవదని మన పంచాంగం అయ్యగారు అమ్మకు చెప్పాడు.

అమ్మ భయం నీకు తెలియనిది కాదు. రెండేళ్ల కిందట మూలా నక్షత్రంలో బాబు పుట్టినప్పుడు, ముందు నూనె గిన్నెలో వాడి నీడ చూసి ఆ తర్వాతే ముఖం చూడమంది. నేను నవ్వి, గిన్నె పక్కన పెట్టి, వాణ్ణి ఎత్తుకున్నాను. ఎనిమిదో రోజున పోయాడు. జ్వరం వల్లేనని డాక్టరు చెప్పాడు, నువ్వూ చెప్పావు. పదిమందిలో ఉన్నప్పుడు నేనూ అదే నమ్ముతాను. ఒక్కణ్ణే ఉన్నప్పుడు మాత్రం ఆ గిన్నె గుర్తొస్తుంది.

ఈసారి అమ్మ నా చెయ్యి తన తల మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. ఆ మూడు రోజుల్లో పుడితే, పదకొండో రోజు శాంతి అయ్యేదాకా నేను వికారాబాదు రాకూడదు. వచ్చాక కూడా బిడ్డను మొదట నూనెలోనే చూడాలి.

నువ్వు సైన్సు టీచరువి కదా, నా ప్రశ్నలకు జవాబు రాయి. ఎనిమిదీ ఒక్కచోట చేరితే ఒకదానికొకటి గుద్దుకోవా? బండికి ఒక పక్కే నాపబండలు పేర్చితే బండి ఒరుగుతుంది, అది నేను గని దగ్గర రోజూ చూసేదే. మరి అన్ని గ్రహాలూ ఒక పక్కకే వస్తే భూమి ఒరగదా? ఆ కేతువు బరువెంత? ఆ రోజే సూర్యగ్రహణం కూడా అంటున్నారు, నిజమేనా? వాటిని చూడాలంటే ఏ వేళకు ఎటు చూడాలి? నవ్వకుండా రాయి.

ఇట్లు,
మీ అన్నయ్య
పాండురంగం

వికారాబాదు,
25-1-1962.

పూజ్యుడైన అన్నయ్యకు,

నీకూ అమ్మకూ నమస్కారాలు. వదిన బాగుంది, కాళ్లకు కొంచెం నీరు వచ్చింది, డాక్టరమ్మ ఉప్పు తగ్గించమంది. నవ్వకుండా రాయమన్నావు. ఒక్కచోటే నవ్వాను, కేతువు బరువు దగ్గర.

గ్రహాలు గుద్దుకోవు. నువ్వూ నేనూ ఒకసారి పొద్దుగుంకే వేళ అనంతగిరి కొండ మీద నిలబడ్డాం. కింద గొర్ల కాపరి వేసిన మంట, ధారూర్ స్టేషన్ దీపం, దాని వెనక ఏదో పల్లె దీపం ఒకే వరుసలో కనిపించాయి. ఆ మూడూ ఒకదాన్నొకటి ముట్టుకుంటున్నాయా? వాటి మధ్య మైళ్ల దూరం ఉంది. ఇవీ అంతే. మనం నిలబడ్డచోటు నుంచి చూస్తే ఒకే వైపు ఉంటాయి, అంతకు మించి వాటికి చుట్టరికం లేదు. సూర్యుడు మనకు ఎంత దూరమో శని ఇప్పుడు దానికి పదకొండు రెట్లు దూరంలో ఉన్నాడు. చంద్రుడు మాత్రం మన పెరట్లో ఉన్నట్టే.

ఇక భూమి ఒరగటం. నీ బండి మీద పేర్చిన బండలు నీ బండిని ఒరగదోస్తాయి, ఒప్పుకుంటాను. షాబాదు గనుల్లో ఎవరో తమ బండి మీద పేర్చుకుంటే తాండూరులో నీ బండి ఒరుగుతుందా? మనల్ని చెప్పుకోదగ్గంతగా లాగేవాళ్లు ఇద్దరే, సూర్యుడూ చంద్రుడూ. ఆ ఇద్దరూ ప్రతి అమావాస్యకూ ఒకే వైపు చేరుతూనే ఉన్నారు. నీకు ముప్ఫై రెండేళ్లు. ఇప్పటికి నాలుగు వందల అమావాస్యలు దాటావు. ఒక్కసారైనా ఒరిగావా?

కేతువుకు బరువు లేదు, ఎందుకంటే కేతువనే వస్తువే లేదు. ఆకాశంలో సూర్యుడు నడిచే దారీ చంద్రుడు నడిచే దారీ రెండుచోట్ల కలుస్తాయి. ఒకచోటికి రాహువనీ ఇంకోచోటికి కేతువనీ పెద్దలు పేర్లు పెట్టారు. రెండు బాటలు కలిసే మలుపును చూసి మనిషి నిలబడ్డాడని జడుసుకుంటే ఎట్లా? కాబట్టి నిన్ను భయపెట్టేవి ఎనిమిది కావు, ఏడే.

గ్రహణం మాట నిజమే, కానీ అది తూర్పున సముద్రాల అవతలి దీవుల్లో కనిపిస్తుంది. మన దగ్గర లేదు. గ్రహాలను చూడాలన్న ముచ్చట మాత్రం తీరదు. అన్నీ సూర్యుడి పక్కనే ఉండటం వల్ల ఆ వెలుగులో ఒక్కటీ కంటికి ఆనదు. లోకాన్ని ముంచటానికి వచ్చేవాళ్లు కనీసం కనపడను కూడా కనపడరన్నమాట.

ఇదంతా చదివి వదినకు వినిపించాను. అంతా విని, "గట్లయితె మీ అన్న వస్తడా, రాడా? గది చెప్పు ముందు" అంది. మళ్లీ తనే, "పోయినసారి దుఃఖం ఇద్దరం పడ్డం. గీసారి భయం నేనొక్కదాన్నే పడాల్నా" అని అటు తిరిగి పడుకుంది. ఒట్టు తప్పమని నేను చెప్పను అన్నయ్యా. ఆమె అడిగింది, రాశాను.

ఇట్లు,
నీ చెల్లెలు
అరుణ

వికారాబాదు,
7-2-1962.

అన్నయ్యకు నమస్కారాలు. కార్డు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. నిన్న, ఆరో తేదీ మంగళవారం, తెల్లవారి ఆరుంబావుకు వదినకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఆ మూడు రోజులూ దాటిపోయాక పుట్టింది కాబట్టి శాంతీ వద్దు, నూనే వద్దు. అమ్మకు చెప్పి వెంటనే బయలుదేరి రా.
అరుణ

తాండూరు,
14-2-1962.

చి. చెల్లెలు అరుణాదేవికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. మీరు ముగ్గురూ క్షేమమని నీ కార్డు వల్ల తెలిసింది. వెంటనే రమ్మంటే వారం రోజులు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నానని నువ్వు పళ్లు నూరుతూ ఉంటావు. మీ వదిన నాతో మాట్లాడదని కూడా తెలుసు. ఇద్దరూ తిట్టండి, పడతాను.

నీ జవాబులన్నీ అమ్మకు చదివి వినిపించాను. కేతువు లేడంటే మాత్రం ఒప్పుకోలేదు. "గంత చదువుకున్నది, దానికి కేతువు గూడ దొరకలేదా" అంది.

ఆ మూడు రోజులూ తాండూరును చూసి ఉండాల్సింది. గనిలోకి ఒక్క మనిషి దిగలేదు. మన బండ్లు తోలే మల్లప్ప వాటన్నిటినీ వరుసగా నిలబెట్టి ఎద్దుల మెడలో పలుపులు కూడా విప్పేశాడు. శంకరప్ప కొట్లో బెల్లం, నూనె ఆదివారానికే అయిపోయాయి. చచ్చేదాకా తిని చద్దామనుకున్నారు కాబోలు, వీధంతా బూరెల వాసన. అందరినీ మించినవాడు మన గొర్ల భీమప్ప. వరద వస్తే మంద దడిలోనే మునిగి చస్తుందని ఐదో తేదీ పొద్దున్నే దడి తడిక తీసి గొర్లన్నిటినీ వదిలేశాడు. లోకం మునగలేదు. మంగళవారమంతా కందిచేలల్లో పడి వాటిని వెతుక్కున్నాడు. చేల యజమానుల తిట్లు పడలేక నా దగ్గరికి వచ్చి, "గ్రహాలు గూడ గింత పరేషాన్ చెయ్యలేదు పటేలా" అని లబోదిబోమన్నాడు. నలభైలో మూడు ఇంకా దొరకలేదు.

అమ్మ ఐదో తేదీ పొద్దున్నుంచీ దేవుడి గదిలోంచి కదల్లేదు. నేను గనికి పోయి వస్తానని చెప్పి మధ్యాహ్నం బయటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి చీకటి పడింది, అమ్మ వాకిట్లో నిలబడి ఉంది. ఊరు ఊరులాగే ఉంది. ఆ రోజు అమ్మ ముఖంలో కనిపించిన నెమ్మది నేను చాలా ఏళ్లుగా చూడలేదు. నీ కార్డు వచ్చిన రోజు ఇంకా ఎక్కువ. ఆరో తేదీ అని నా చేత మూడుసార్లు చదివించుకుంది.

దేవమ్మకు నెయ్యి, పిల్లకు మెత్తటి పాత చీరలు పంపుతున్నాను.

ఇట్లు,
మీ అన్నయ్య
పాండురంగం

తా.క. ఈ ఉత్తరం పొద్దున రాసి మడిచాను. ఇప్పుడు సాయంత్రం మళ్లీ విప్పి రాస్తున్నాను.

అరుణా, పిల్ల పుట్టింది ఆరో తేదీ కాదు. ఐదో తేదీ మధ్యాహ్నం మూడు గంటలకు. నేను అక్కడే ఉన్నాను.

ఆ రోజు నేను గనికి పోలేదు. స్టేషనుకు పోయాను. నీ జవాబులు నమ్మి పోయానని రాస్తే నువ్వు సంతోషిస్తావు, కానీ అది నిజం కాదు. భయంతోనే పోయాను. లోకం మునిగేదే అయితే దేవమ్మ ఒకచోటా నేను ఒకచోటా మునగటం ఎందుకనిపించింది. రైలు పెట్టెలో నేనూ ఒక ముసలామే తప్ప పిట్ట లేదు. అష్టగ్రహం సంగతి ఆమెకు తెలియనే తెలియదు, ధారూర్‌లో మనవరాలి పెళ్లిచూపులకు పోతోంది.

నేను ఆసుపత్రి వరండాలోకి వచ్చేసరికి నువ్వు లోపల దేవమ్మ దగ్గర ఉన్నావు. నర్సు మార్త పిల్లను తువ్వాలులో చుట్టుకుని బయటికి వచ్చింది. నా ఒట్టు సంగతి నువ్వు ఆమెకు చెప్పి ఉంటావు. "ఇప్పుడే అయింది పటేలా, ఆడపిల్ల. చూస్తవా, నూనె తెమ్మంటవా?" అంది. చేతులు చాచాను. ఎనిమిది గ్రహాలూ పైన బారులు తీరి నిలబడ్డ వేళ అది నన్ను చూసి నోరంతా తెరిచి ఆవులించింది.

ఎవరికీ చెప్పొద్దని మార్తను బతిమాలుకుని సాయంత్రం బండికి తిరిగి వచ్చాను. మూడు రోజులకు నీ కార్డు వచ్చింది. నాకు అన్ని పాఠాలు చెప్పి చివరికి మా భయం కోసం నువ్వే తేదీ మార్చేశావా తల్లీ! నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. కానీ జవాబు రాయలేకపోయాను. నేను ఒట్టు తప్పాను, మళ్లీ నేరుగా ముఖం చూశాను. అటు పిల్లకో, ఇటు అమ్మకో ఏమన్నా అయితే అని రోజూ టపా బంట్రోతు అడుగుల చప్పుడుకే వాకిట్లోకి పరుగెత్తేవాణ్ణి. ఎనిమిదో రోజు మొన్న దాటింది. ఏమీ కాలేదు. నిన్న కంటినిండా నిద్రపోయాను.

పిల్ల పుట్టినరోజు ఐదో తేదీ అనే రాయించు. అది దాని సొంతం, మన భయానికి దాన్ని మార్చొద్దు.

ఇందాకే అమ్మకు అంతా చెప్పేశాను. చేటలో బియ్యం చెరుగుతోంది. చేట ఆగింది. ఒట్టు గురించి అంటుందని తల వంచుకుని కూర్చున్నాను. చివరికి, "ముక్కు ఎవర్ది వచ్చిందిరా?" అని అడిగింది.

"నీదేనమ్మా" అన్నాను. రేపు పొద్దుటి బండికి ఇద్దరం వస్తున్నాం.