పిల్లలకు పర్వాలేదు

ఒంగోలు,
సోమవారం

ప్రియమైన ఖుర్షిదా పిన్నికి,

సలాం. ఈ ఉత్తరం వల్ల నీ మనశ్శాంతికీ, మన వంశ ప్రతిష్ఠకూ, జిల్లాలోని యావత్ యువతకూ కలగబోయే నష్టానికి ముందుగానే తలవంచి క్షమాపణ వేడుకుంటున్నాను. పదహారేళ్ల నీ కూతురు అర్ఫా, దాని స్నేహితురాలు భవ్య చూస్తామంటున్న ప్రేమ సినిమా పిల్లలు చూడదగ్గదా కాదా అని ముందుగా చూసి చెప్పమన్నావు. నేను బీకాం చదివినందుకు ఇన్నాళ్లకు ఒక తగిన బాధ్యత దొరికింది.

నీ ఫోన్‌కు వచ్చేవన్నీ నీకంటే ముందు అర్ఫా చదువుతుంది గనక, నువ్వన్నట్టే కాగితం మీద రాసి, గోంగూర పచ్చడి అయిపోయిన క్యారియర్‌లో పెట్టి, పర్చూరు బస్సు డ్రైవరు పేరయ్య గారికి అప్పగిస్తున్నాను.

ఇక నివేదిక. హాలు శుభ్రంగా ఉంది. ఏసీ ఎక్కువ, పిల్లలకు జలుబు చేస్తుంది. సమోసాల్లో అల్లం దట్టించారు. రెండు ప్లేట్లు తెచ్చాక తెలిసింది. వెనక ఒక ముసలాయన ప్రతి పాటకూ తల ఊపుతున్నాడు, ఆ మెడకు అది మంచిది కాదు. సినిమా సంగతికొస్తే, ప్రేమ ఉంది. చాలాచోట్ల ఉంది. అది పసిమనసుల మీద పడితే ఎదురుగా ఏం జరుగుతోందో కూడా తెలియని స్థితి వస్తుంది. కనుక పంపొద్దు.

బరువెక్కిన గుండెతో,
నీ అక్క కొడుకు
మాలిక్

*

పర్చూరు,
బుధవారం

ఒరేయ్ మాలిక్ నాయనా,

సలాం. మిరపకాయలు కళ్లంలో ఆరబోశాం. కూలీలతో కూర్చుని తాలుకాయలు ఏరుతూ నీ ఉత్తరం చదివాను. తెల్లబడిన తాలును తీసెయ్యాలన్నా ముందు కాయల వైపు చూడాలి కదరా. నీ ఉత్తరంలో ఏసీ ఉంది, ముసలాయన ఉన్నాడు. కథేదీ? ఆ పిల్ల ఎలాంటిది? చివరికి ఏమయ్యారు? ఒక్కడివి వెళ్లి రెండు ప్లేట్ల సమోసాలు ఏం చేసుకున్నావు?

నీకు ఎగతాళిగా ఉంది గానీ, అర్ఫా అన్నం దగ్గర కూడా ముభావంగా ఉంటోంది. ఇప్పటిదాకా అది నా దగ్గర ఏదీ దాచలేదు. కారణం లేకుండా వద్దంటే, రేపటినుంచి చెప్పకుండా వెళ్లడం నేర్చుకుంటుంది. నాకు సినిమా కంటే అదే భయం. మళ్లీ చూసి సరిగ్గా రాయి.

నీ పిన్ని
ఖుర్షిదా

*

ఒంగోలు,
శుక్రవారం

పరమ గౌరవనీయురాలైన పిన్నికి,

నీ ఆజ్ఞ శిరసావహించి అదే హాల్లో అదే కష్టాన్ని మళ్లీ అనుభవించాను. అడిగిన వివరాలు ఇవిగో. అమ్మాయి నీలం చుడీదార్ వేసుకుంటుంది. నవ్వితే ఎడమ బుగ్గన సొట్ట పడుతుంది. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసులో లెక్కలు చూస్తుంది. అబ్బాయి ఉత్తముడు, పైగా అందగాడు, కానీ నోరు పెగలదు. చివరికి ఏమవుతుందో ఇంకా తేలలేదు. తీర్పులో మార్పు లేదు.

నీ విధేయుడు
మాలిక్

*

పర్చూరు,
సోమవారం

ఒరేయ్ ఉత్తముడా,

నిన్న అర్ఫాను, భవ్యను వెంటబెట్టుకుని నేనే ఆ సినిమాకు వెళ్లాను. అందులో పిల్ల నర్సు. బుగ్గన సొట్ట లేదు. చీమకుర్తి ఊసే లేదు. గ్రానైట్ ఆఫీసంటే నువ్వు పనిచేసే చోటు కదరా?

సినిమాలో అబ్బాయి మనసులో మాట చెప్పలేక నీళ్లు నములుతుంటే, చివరికి ఆ పిల్ల రైలెక్కి వెళ్లిపోయింది. నేను కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే పిల్లలిద్దరూ నవ్వుతున్నారు. అర్ఫా ఏమందో తెలుసా? "అమ్మా, వీడు ఒక్క మాట అడిగేసుంటే మనం ఇంటర్వెల్‌కే ఇంటికెళ్లేవాళ్లం కదే."

తిరుగుబస్సులో నా భుజం మీద తలపెట్టి, వాళ్ల కాలేజీలో ఎవరు ఎవరి వెనక తిరుగుతున్నారో అంతా చెప్పింది. దాని వెనక తిరిగేవాడి సంగతి కూడా. నాకింకేం కావాలి?

కాబట్టి నా తీర్పు రాసుకో. ఆ సినిమా పిల్లలకు పర్వాలేదు. నీకే పడలేదు. ఇంతకీ ఆ సొట్ట ఎవరిది?

నీ పిన్ని
ఖుర్షిదా

*

ఒంగోలు,
బుధవారం

ప్రియాతిప్రియమైన పిన్నికి,

నా మీద మోపిన నేరాలన్నీ ఖండిస్తున్నాను. సినిమాకు వెళ్లలేదనడం అన్యాయం, రెండుసార్లు వెళ్లాను. అబద్ధాలు రాశాననడం ఘోరం, హాల్లో చూసిందే రాశాను. తెర ఏ వైపు ఉందో నువ్వు ముందుగా చెప్పలేదు. రెండో ప్లేటు సమోసాలు తిన్నది మెహర్, కాబట్టి ఆ నేరమూ నాది కాదు.

నేను నిజంగా చేసింది ఒక్కటే. నిన్న నీ ఉత్తరం ఆఫీసులోనే చదివాను. అర్ఫా మాట దగ్గర ఆగిపోయాను. లేచి మెహర్ బల్ల దగ్గరికి వెళ్లి, అడిగేశాను.

వాళ్లమ్మ సర్దార్‌బీ గారు ఆదివారం ఇంట్లోనే ఉంటారట. మా అమ్మతో నువ్వే చెప్పాలి పిన్నీ.

నీ
మాలిక్