ఎండిన లొబీలియా

చెల్లీ,

నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ, తోటికోడలివైనా సొంత చెల్లెల్లా ఇల్లు నడుపుతున్నావని అందరూ అంటున్నారు. సంతోషం.

నా లొబీలియా మొక్కను పెరికి పారేశావని నిన్న మీ బావగారు చెప్పారు. "ఎండి పుల్లయిపోయింది, ఇంకా నీళ్లెందుకు బావగారూ, దండగ" అన్నావట. చలికాలంలో అది పైకి అలాగే ఎండిపోతుంది. వేరు మాత్రం బతికే ఉంటుంది. మట్టిలో తడి ఆరనివ్వకపోతే మళ్లీ చిగురేసి ఎర్రగా పూస్తుంది. వచ్చేముందు నీకు రెండుసార్లు చెప్పాను.

కుండీలో కొత్తిమీర చల్లావట, చల్లుకో. నా బీరువా ఖాళీ చేసి నీ చీరలు సర్దుకున్నావని కూడా ఆయన నోరు జారారు.

ఆదివారం నన్ను ఇంటికి పంపిస్తున్నారు. బీరువా ముందెలా ఉండేదో అలా సర్ది, తాళంచెవి గుమ్మంలోనే నా చేతికివ్వు.

అక్క