రాజవ్వ మైకు

సెప్టెంబరు 3
మక్క కంకి పాలు పోసుకుంటోంది. అడవిపందులకు కబురు అందినట్టే ఉంది — గట్టు వెంట మట్టంతా ముట్టెతో పెళ్లగించి పోయాయి. వాటిని బెదరగొట్టడానికి ఇచ్చోడ అంగడిలో కొన్న మైకు బయటకు తీశాను. నిరుడు నా భార్య రాజవ్వ దాంట్లో ఎక్కించిన కేకలు అలాగే ఉన్నాయి. "పోతరా పోరా? తిన్నది సాల్లేదా? జరంత సిగ్గన్న లేదు..." పందులను తిట్టినట్టు లేదు, నన్ను తిట్టినట్టే ఉంది. చలికాలంలో ఆమె పోయింది. ఆ తర్వాత ఆ గొంతు వినడం ఇదే మొదటిసారి.

సెప్టెంబరు 5
పారిపోయాయి. ఆమెకు భయపడనిది ఎవరు!

సెప్టెంబరు 8
మైకు పొద్దు గూకాకే పెట్టాలి. ఇక్కడ అందరూ అంతే. నేను పగలు కూడా ఆపడం లేదు. కలుపు తీస్తుంటే ఆమె అవతలి గట్టున నిలబడి తిడుతున్నట్టుంటుంది... బాగుంటుంది. ఇంట్లో పెట్టుకుని వింటే అది ఉత్త మైకే.

సెప్టెంబరు 13
ఒర్రెలో నీళ్లు నిలిచిన బురదలో పొర్లుతూ మగపంది. నలుపు, మెడ మీద నిక్కిన వెంట్రుకలు, పైకి తిరిగిన కోరలు. ఎదిగిన మగది మందలో ఉండదు — ఆడదాని కోసం వచ్చే కాలం తప్ప ఒంటరిగానే తిరుగుతుంది. నన్ను చూసి ఉరకలేదు. చెట్టుకు ఒళ్లు రుద్దుకుని తన దారిన పోయింది. ఎక్కడికి పోయావని దాన్ని అడిగేవాళ్లు లేరు. నన్నూ లేరు.

సెప్టెంబరు 16
తెల్లవారుతుండగా తల్లి పంది, వెనక చారల పిల్లలు. గుట్ట కింద గడ్డి పేర్చి గూడు కట్టుకుని ఈనినట్టుంది. ఇంకొన్నాళ్లకు ఆ చారలు పోతాయి, తల్లి రంగే వస్తుంది. మైకు మొత్తుకుంటూనే ఉంది. దాని పక్కనే మక్క కర్రలు విరిచి తింటున్నాయి. ఆమె తిట్లు వింటూ తినడం... ఇన్నేళ్ల కాపురంలో నేను చేసిందీ అదే. నవ్వొచ్చింది. తర్వాత ఏడ్చాను.

సెప్టెంబరు 17
పక్క చేను లింగన్న వచ్చాడు. "పొద్దంత పెడితె అలవాటు కాదానే అన్నా? గిప్పుడు వదినె తిన రమ్మంటున్నదనుకుంటున్నయ్ అవి." పోతూ పోతూ — "రాత్రి బంద్ పెట్టి సూడు."

సెప్టెంబరు 18
ఆపాను. పొద్దున పోయి చూస్తే ఒక్క కర్ర విరగలేదు. గొంతు లేని చేను వాటికి అనుమానమైనట్టుంది. లింగన్న చెప్పిందే నిజం... సంతోషించాలి.

సెప్టెంబరు 19
సగం చేను మిగిలింది. ఈ ఏడాది తిండి అదే. పొద్దు గూకుతోంది. మంచె మీద, మైకు ఒళ్లో. పెడితే పందులు వస్తాయి. పెట్టకపోతే ఎవరూ రారు.